నీ ఎడమకాలికి కొత్త ఉద్యోగం

నెల్లూరు

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న దీవెనలు.

నువ్వు ఇంగ్లండు వెళ్తున్నావనీ, బ్రాండ్స్ హ్యాచ్ రేసు ట్రాక్‌లో ఎవరిదో 1970 నాటి ఫార్ములా ఫోర్డ్ రేసు కారు నడపబోతున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఆ వెనకే నీ మెసేజ్ వచ్చింది. "వంద గుర్రాల ఇంజను, వింగులు కూడా లేవు, ఎఫ్4 నడిపినోడికి అదేం కష్టం పెదనాన్నా?" అన్నావు. ఫోన్లో చెబితే ఊఁ కొడుతూ ఇంకో పని చూసుకుంటావు, అందుకే రాస్తున్నా. ఇంత పొడుగు ఉత్తరం వాడు చదవడు అంటోంది మీ పెద్దమ్మ. చదువుతాడే, కారు వాడిది కాదు, గేర్‌బాక్స్ పగిలితే బిల్లు మాత్రం వాడిదే అన్నాను.

ముందు పేరు సంగతి. ఆ కారుని వింటేజ్ అని మాత్రం అక్కడ నోరు జారకు. ఆ దేశంలో 1934లో పెట్టిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ లెక్కలో 1930 దాకా చేసినవే వింటేజ్. ఆ తర్వాతవాటికి ఆ మాట వాడితే పెద్దాయనలు కళ్ళజోడు పైనుంచి చూస్తారు. నేను పనిచేసిన రేసు కార్ల షెడ్డులో మొదటి వారమే నాకా చూపు దక్కింది. నీ కారు హిస్టారిక్. మనింట్లో మనం పాత కారు అనుకుందాం.

ఇక కష్టం మాట. మీ ఎఫ్4, అదే ఫార్ములా ఫోర్ కారుని, కాస్త డ్రైవింగు వచ్చిన కుర్రాడెవడైనా మొదటి రోజే పది లాపులు తిప్పి తీసుకురాగలడు. స్టీరింగు వెనక పాడిల్ నొక్కితే గేరు పడుతుంది, తప్పు గేరు అడిగితే కంప్యూటరే ఒప్పుకోదు. చివరి ఒక్క సెకను దగ్గర మాత్రం ఏడాది పడుతుంది, ఆ ఏడాది నువ్వు పడ్డావు, నేను చూశాను. ఫార్ములా ఫోర్డ్‌లో ఇదంతా తలకిందులు. పిట్‌లోంచి ఇంజను ఆగకుండా బయటికి రావడం, గేర్లు చెడకుండా మొదటి లాపు పూర్తిచెయ్యడం, అక్కడే చెమటలు పడతాయి. అది దాటావా, టైర్ల పట్టు ఎక్కడ తెగుతుందో కారే ముందుగా చెబుతుంది, అదీ తొందరపడకుండా చెబుతుంది. మీ కారు చెప్పదు. చెప్పినప్పుడు నువ్వు అప్పటికే గోడ దగ్గరుంటావు.

అందుకని, ఏది కష్టం అంటే నీలో ఏ భాగానికి కష్టం అని అడుగుతా నేను. నీ చేతులకీ కళ్ళకీ ఇబ్బంది లేదు. నీ కాళ్ళని మళ్ళీ ఒకటో క్లాసులో చేర్చాలి.

ఎఫ్4లో నీ ఎడమకాలికి ఒకటే పని, బ్రేకు. బయల్దేరేటప్పుడు తప్ప క్లచ్ అక్కర్లేదు. అక్కడ ఎడమకాలు క్లచ్ మీదికి పోతుంది, కుడికాలు బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ చూసుకోవాలి. గేర్‌బాక్స్ హ్యూలాండ్ వాళ్ళది. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు గేర్‌బాక్స్ డొప్ప తీసుకుని లోపల రేసు పళ్ళు పెట్టి చేసిన సరుకు. నాలుగు గేర్లు, కుడిచేతి పక్కన పిడికెడంత లీవరు. సింక్రోమెష్ లేదు. మామూలు కారులో గేరు వేసేటప్పుడు రెండు పళ్ళ వేగాన్నీ కలిపే పని సింక్రోమెష్ చూసుకుంటుంది. ఇక్కడ ఆ పని నీ కుడి పాదానిది.

పాదం ముందుభాగం బ్రేకు మీద గట్టిగా ఉంటుంది. అది కదలకూడదు. ఎడమకాలు క్లచ్ నొక్కుతుంది. అదే క్షణంలో కుడి పాదం అంచు పక్కకి దొర్లి యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టాలి, ఇంజను 'వ్రూమ్' మని లేవాలి, అది పైకి లేస్తుండగానే లీవరు కింది గేర్లోకి పోవాలి. అరసెకను పని. అందరూ దాన్ని హీల్ అండ్ టో అంటారుగానీ మడమ వాడేవాళ్ళు తక్కువ. ఇందులో కొత్తవాళ్ళు చేసే తప్పు ఇంజన్ని తట్టేటప్పుడు బ్రేకు మీద బరువు తగ్గించడం. కారు ముందుకి తన్నుకొస్తుంది, నువ్వు భయపడి మళ్ళీ బ్రేకు తొక్కుతావు, ముందు చక్రం ఆగిపోతుంది, టైరు ఒకచోటే అరిగి చదునైపోతుంది. ఆ తర్వాత రేసంతా స్టీరింగు చేతిలో టకటకలాడుతూనే ఉంటుంది.

నేను నేర్చుకున్నది రేసు ట్రాక్ మీద కాదురా. మద్రాసు రోడ్డు మీద బత్తాయిల లోడు లారీలో, క్లీనర్ సీట్లో కూర్చుని డ్రైవర్ కాళ్ళు చూసి. ఆ కాలపు లారీల్లో డబుల్ క్లచ్ కొట్టకపోతే కింది గేరు పడేది కాదు. క్లచ్, న్యూట్రల్, వదిలి ఇంజను లేపు, మళ్ళీ క్లచ్, గేరు. ఆ డ్రైవర్ నోట్లో కిళ్ళీ, కాళ్ళు మాత్రం కుట్టుమిషను తొక్కినట్టు లెక్కగా ఆడేవి. మీటరు కేసి ఒక్కసారీ చూసేవాడు కాదు, చెవితోనే తెలుసుకునేవాడు. నువ్వు చెయ్యాల్సింది కూడా అదే, ఒక్క తేడాతో. లారీ గేరుని బతిమాలి పెట్టాలి. హ్యూలాండ్ గేరుని బతిమాలితే చెడుతుంది. డాగ్ రింగులంటారు, పళ్ళ పక్కన కొక్కేల్లాంటివి. మెల్లగా పెడితే ఒకదాని అంచు మీద ఒకటి గీసుకుని గుండ్రంగా అరిగిపోతాయి, అరిగాక గేరు దానంతటదే జారి బయటికొస్తుంది. లీవరుని ఒక్క దెబ్బలో, తిన్నగా, అనుమానం లేకుండా వెయ్యి.

షెడ్డులో నా పని రేసు అయిన సోమవారం ఆ గేర్‌బాక్సులు విప్పడం. అందులోని నూనెని పాత బనీను గుడ్డలోంచి వడపోసేవాణ్ణి. గుడ్డ మీద మిగిలిన ఇనపరజను చూస్తే ఆ డ్రైవర్ జాతకం తెలిసిపోయేది. బూడిదలా మెత్తగా ఉంటే మంచివాడు. బియ్యంలో నూకల్లాంటి ముక్కలు తేలితే వాడు కింది గేరు పెట్టేటప్పుడు కాలు మరిచిపోయేవాడు. ఒకసారి సగం చింతగింజంత ముక్క దొరికింది. ఆ డ్రైవరు ఆ రేసు గెలిచాడు, కప్పు కూడా తెచ్చుకున్నాడు. యజమాని మళ్ళీ కారివ్వలేదు.

ఇంకో నెల ఉంది కాబట్టి మీ నాన్న కారు తీసుకో. మొదటి వారం ఇంటి ముందు ఆపే ఉంచి, ఇంజను ఆడిస్తూ, బ్రేకు తొక్కి ఉంచి పక్క పాదంతో తట్టడం రోజూ యాభైసార్లు. తర్వాత తెల్లారుజామున ఖాళీ రోడ్డు మీద మెల్లగా. పక్కన కూర్చున్న మీ అమ్మకి కింది గేరు పడిన సంగతి తెలియకపోతే అప్పుడు నీకు వచ్చినట్టు. ఎడమకాలితో బ్రేకు తొక్కే అలవాటు మాత్రం ఈ నెలంతా పూర్తిగా మానెయ్. సిమ్యులేటర్ కూడా ముట్టుకోకు.

నాకు జరిగింది నీకెప్పుడూ చెప్పలేదు. షోలవరం తెలుసుగదా, మనూళ్ళోంచి మద్రాసు పోతుంటే రెడ్‌హిల్స్ రాకముందు తగిలేది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు. అక్కడ నా ఫియట్ 1100, స్టీరింగు పక్కన గేరు రాడ్డు. పొడుగాటి రన్‌వే చివర నాలుగులోంచి మూడుకి రావాలి. ముందు కారు దుమ్ము కళ్ళల్లో పడి తొందరపడ్డాను, మూడు అనుకుని రెండు వేశా. ఇంజను ఏడుపు ఇప్పటికీ చెవిలో ఉంది, తర్వాత టింగుమని ఒక చిన్న శబ్దం, స్టీలు గిన్నెలో చెంచా పడ్డట్టు. వాల్వు పిస్టన్‌కి తగిలి వంగింది. ఆ ఇంజను బాగుచేయించడానికి మీ పెద్దమ్మ గాజులు రెండు పోయాయి. ఆవిడ ఆ మాట ఎత్తదు, నేనూ ఎత్తను. మీ కారులో ఇదే తప్పు చేస్తే కంప్యూటరు గేరు ఇవ్వదు, నువ్వు రేడియోలో విసుక్కుంటావు, అంతే. కష్టంలో తేడా అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ టింగుమన్న శబ్దమే.

అందుకే డాష్‌బోర్డు మీద ఇంజను మీటరులో ఒక ఎర్ర ముల్లు ఉందేమో చూసుకో. పాత రేసు మీటర్లలో చాలావాటికి ఉంటుంది, టెల్‌టేల్ అంటారు. పేరుకి తగ్గట్టు చాడీలు చెప్పే ముల్లు అది. అసలు ముల్లు ఎంతదాకా పోతే దీన్ని అంతదాకా తోసి వదిలి వెనక్కి వచ్చేస్తుంది, ఇది అక్కడే నిలబడుతుంది. యజమాని ఆరువేల ఐదొందలు దాటొద్దు అన్నాడనుకో, నువ్వు తిరిగొచ్చాక ఆయన నీ లాప్ టైమ్ అడగడు, నవ్వుతూ వచ్చి కాక్‌పిట్‌లోకి తొంగిచూస్తాడు.

ఇక టైర్లు. మీవి నున్నటి స్లిక్కులు, వెడల్పాటివి. ఆ కారువి గాడులున్న సన్నటి టైర్లు. పట్టు తక్కువే, కానీ ఆ పట్టు పోయే తీరు వేరు. వానపడ్డాక చెరువుకట్ట మీద సైకిలు తొక్కావుగదా. చక్రం జారడం మొదలైందని నడుముకి ముందు తెలుస్తుంది, సర్దుకోవడానికి టైముంటుంది. ఇదీ అంతే. మూల మధ్యలో నాలుగు చక్రాలూ కొంచెం కొంచెం బయటికి జారుతూనే కారు ముందుకి పోతుంటుంది. దాన్ని స్టీరింగుతో కొట్లాడి ఆపకు. యాక్సిలరేటర్ మీద పాదం వెంట్రుకవాసి ఎక్కువ తక్కువ చేస్తే ముక్కు లోపలికీ బయటికీ వస్తుంది. ఫోటోల్లో పాతవాళ్ళు స్టీరింగు ఎదురు తిప్పి ఉండటం చూసి మోసపోకు. చూడముచ్చటగా ఉంటుందిగానీ వంద గుర్రాల కారులో మరీ పక్కకి జారితే వేగం చచ్చిపోతుంది, మళ్ళీ తెచ్చుకోవడానికి ఇంజన్లో సత్తువ లేదు. తర్వాతి రోడ్డంతా జనం నిన్ను దాటుకుంటూ పోతారు.

ఎఫ్4లో నువ్వు కష్టపడి తెచ్చుకున్న ఒక మంచి గుణం అక్కడ నిన్ను ముంచుతుంది, అది వింగుల మీద నమ్మకం. వేగం పెరిగేకొద్దీ గాలి కారుని రోడ్డుకి అదుముతుంది, కాబట్టి భయపడి కాలు తీస్తేనే ప్రమాదం, ఆ సంగతి నీ ఒంట్లోకి ఎక్కడానికి మొదటి సీజను మొత్తం పట్టింది. నిజానికి కొత్తకార్లలో అసలు కష్టం అదే, కళ్ళు వద్దంటున్నా పాదం నొక్కే ఉంచడం. పాత కారులో కళ్ళు వద్దన్నాయంటే వద్దనే. గాలి నీకు ఏ సాయం చెయ్యదు. బ్రేకు కూడా అంతే. మీ కారులో వేగం ఎక్కువున్నప్పుడు మొదటి దెబ్బ చాలా గట్టిగా తొక్కి, వేగం తగ్గేకొద్దీ వదులుతూ వస్తావు. అదే మొదటి దెబ్బ అక్కడ కొడితే ముందు చక్రాలు ఆగిపోతాయి. పిండి ముద్ద నొక్కినట్టు మొదలుపెట్టి బరువు పెంచు.

బ్రాండ్స్ హ్యాచ్ చిన్న చుట్టు రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఫార్ములా ఫోర్డ్ అనే ఆట మొదటి రేసు జరిగిందే అక్కడ, 1967 జులై 2న. మొదటి మూల ప్యాడక్ హిల్ అంటారు. కుడివైపు తిరుగుతూనే నేల కిందికి పడిపోతుంది, బ్రేకు తొక్కే చోటి నుంచి మూల లోపలి అంచు కనపడదు. బావిలోకి దిగే మెట్ల మలుపు అనుకో. అడుగుకి చేరాక కడుపు సీటుకి అతుక్కుంటుంది, వెంటనే ఎత్తెక్కి డ్రూయిడ్స్ అనే హెయిర్‌పిన్ మలుపు. ప్యాడక్‌లో బ్రేకు, గేరు పనులన్నీ నేల వాలకముందే అయిపోవాలి. వాలులో ఉండగా ఉన్నట్టుండి కాలు తీశావా, బరువంతా ముందుకి పోయి వెనక భాగం నిన్ను దాటి ముందుకొస్తుంది. డ్రూయిడ్స్‌కి ఎగువ కాబట్టి ఎక్కడమే సగం బ్రేకు, అనుకున్నదానికంటే ఆలస్యంగా తొక్కొచ్చు. మొదటి పది లాపులు మాత్రం అనుకోకు.

బ్రేకుల దగ్గర ఇంకో మాట. 2022 మే నెలలో మొనాకోలో పాతకార్ల పండగకి ఫార్ములా వన్ డ్రైవరు షార్ల్ లెక్లెర్ వచ్చాడు. పుట్టి పెరిగిన ఊరు, కళ్ళుమూసుకుని తిరగగలిగిన రోడ్లు. నికీ లౌడా కాలపు ఫెరారీ 312బీ3, 1974 నాటిది, ఇచ్చారు. రాస్కాస్ మలుపు దగ్గర బ్రేకు పోయింది, కారు తిరిగి వెనకభాగంతో గోడకి కొట్టుకుంది. అప్పటికి ఫార్ములా వన్‌లో ఆయన కంటే వేగమైనవాడు ఒకడో ఇద్దరో. ఆయనది తప్పని చెప్పట్లేదు, పాత ఇనుము ఎవరి పేరూ చూడదని చెబుతున్నా. కాబట్టి తిన్నని రోడ్డు చివరికి రాకముందే బ్రేకుని ఒకసారి ఊరికే తాకి చూడు. పెడల్ గట్టిగా తగిలితే సరే. లోపలికి పోతే ఇంకోసారి తొక్కి లేపుకోవడానికి నీకు రెండు సెకన్లుంటాయి. ప్రతి లాపూ, ప్రతి పెద్ద బ్రేకు ముందూ. షెడ్డులో మా పెద్ద మేస్త్రీ ఆ పని చెయ్యనివాళ్ళకి కారు ఇవ్వనిచ్చేవాడు కాదు.

పెడళ్ళ సంగతి వచ్చింది కాబట్టి, నీ అదృష్టం కొద్దీ ఆ కారులో అవి మామూలు వరసలోనే ఉంటాయి. 1950ల నాటి గొప్ప డ్రైవరు, అర్జెంటీనావాడు ఫాంజియో నడిపిన మజెరాటి 250ఎఫ్‌లో యాక్సిలరేటరు మధ్యలో ఉండేది, బ్రేకు కుడిచివర. కంగారులో కాలు ఎటుపోతుందో ఆలోచించు. ఆ కారుతోనే 1957 ఆగస్టులో నూర్‌బుర్గ్‌రింగ్‌లో, ఇరవై రెండు కిలోమీటర్ల పైచిలుకు చుట్టులో, టైర్లు మార్చి పెట్రోలు పోసుకోవడానికి ఆగి దాదాపు యాభై సెకన్లు వెనకపడి, చివరి లాపుకి ముందు లాపులో ముందున్న రెండు ఫెరారీలనీ దాటేశాడు. నలభై ఆరేళ్ళ వయసులో.

ఒంటి కష్టం ఏ కార్లో ఎక్కువ అని కూడా అడిగావు. ఇప్పటి ఫార్ములా వన్ వాళ్ళ మెడల మీద బ్రేకు తొక్కినప్పుడు తలా హెల్మెట్టూ కలిపిన బరువుకి ఐదురెట్లు పడుతుంది. నువ్వూ నేనూ అయితే మూడో లాపుకి తల ఎత్తలేం. పాతవాళ్ళది వేరే రకం. 1955 జనవరిలో అర్జెంటీనాలో బ్వేనోస్ ఐరెస్ రేసు, మన రోహిణికార్తె లాంటి ఎండ, మూడు గంటలు. చాలామంది మధ్యలో దిగి కారు ఇంకొకరికిచ్చారు. ఒంటిచేత్తో పూర్తిచేసింది ఇద్దరే, ఫాంజియో, రోబెర్తో మియెరెస్, ఇద్దరూ ఆ ఎండకి పుట్టినవాళ్ళే. కాలుతున్న గొట్టం తగిలి ఫాంజియో కాలు బొబ్బలెక్కింది. నీ రేసు అంతసేపుండదు, భయపడకు. స్టీరింగు మాత్రం వేళ్ళతో పట్టుకో, పిడికిలి బిగిస్తే అరచేతులు పోతాయి.

పాతదైతే అన్నీ సులువుగా, మొరటుగా ఉంటాయని కూడా అనుకోకు. ఫార్ములా వన్‌లో మాన్సెల్ నడిపిన 1992 విలియమ్స్ కారులో సస్పెన్షన్‌ని కంప్యూటరే నడిపేది, జారుడు ఆపే యంత్రం కూడా ఉండేది. తర్వాత వాటిని నిషేధించారు. కొన్ని విషయాల్లో ఇప్పటి కారే డ్రైవర్‌కి ఎక్కువ పని చెబుతుంది. స్టీరింగు మీద రెండు డజన్ల బటన్లు, బ్యాటరీ లెక్క, టైర్ల వేడి, చెవిలో ఇంజనీరు. నీ కారులో చెవిలో ఎవరూ ఉండరు. నూనె ప్రెషరు, నీళ్ళ వేడి నువ్వే చూసుకోవాలి, తిన్నని రోడ్డు మీదికి వచ్చిన ప్రతిసారీ ఒక చూపు. నూనె వేడెక్కేదాకా ఇంజన్ని ఎగరెయ్యకు, పక్కవాడు ఎంత రెచ్చగొట్టినా.

చివరగా, ఇది మాత్రం వేళాకోళం కాదు. నీకు 2018 తర్వాతి హేలో, తల చుట్టూ కాపుండే ఆ చట్రం, అలవాటు. ఆ కారులో నీ తలకి వెనక ఒక ఇనప కమ్మీ, చుట్టూ గాలి, అంతే. బెల్టులూ, మెడని కాపాడే హ్యాన్స్ కాలరూ పెట్టుకుంటావనుకో. అయినా చక్రాలకి కప్పు లేదు. ఫార్ములా ఫోర్డ్ వాళ్ళు ఒకరి గాలి చాటున ఒకరు, ఎనిమిది పది మంది గుంపుగా పోతారు. ముందు కారు వెనక చక్రానికి నీ ముందు చక్రం తగిలితే కారు గాల్లోకి లేస్తుంది. ఎఫ్4లో సందు కనపడితే ముక్కు దూరుస్తావు, నీ వీడియోల్లో చూశా. అక్కడ సగం కారు పక్కన లేకపోతే దూరకు. పక్కన నడిపేది అరవై ఏళ్ళ పెద్దాయన కావచ్చు, సొంత కారు, సొంత డబ్బు, సోమవారం ఆఫీసు ఉంటుంది. ఆయనకి దారిస్తే నీకేం పోదు.

సన్నటి అడుగున్న షూస్ కొనుక్కో, నువ్వు వాడేవి వెడల్పు. ఆ కాళ్ళ గూడు ఇరుకు, మూడు పెడళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నీ సైజు కంటే అరసైజు తక్కువ తీసుకున్నా తప్పులేదు. ఎక్కగానే ఇంజను ఆన్ చెయ్యకముందు పది నిమిషాలు కూర్చుని గేర్లు వేసి తీసి చూడు. మూడుకీ ఒకటికీ మధ్య దూరం ఎంతో చేతికి తెలియాలి. పక్కన మెకానిక్ నవ్వినా పర్వాలేదు, వాడు సంతోషంగా నవ్వుతాడు, సోమవారం పని తగ్గుతుంది గదా.

మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి సీసా రెడీ చేసింది, విమానంలో కారకుండా ఎలా కట్టాలో మీ అమ్మకి చెప్పింది. ఆదివారం రాత్రి రేసయ్యాక ఫోన్ చెయ్యి. ఎన్నోస్థానం వచ్చిందో మీ నాన్నకి చెప్పుకో. నాకు మాత్రం ముందు ఆ ఎర్ర ముల్లు ఎక్కడ ఆగిందో చెప్పు.

ఇట్లు
పెదనాన్న